అద్దె బసలో లెక్కకు రాని అతిథులు

చైత్రశుద్ధ నవమి సమీపించినదంటే భద్రాచలంలో ఇంటింటా ఒక కదలిక బయలుదేరుతుంది. నవమి నాడు మిథిలా ప్రాంగణంలో సీతారాముల కల్యాణం, మరునాడు పట్టాభిషేకం. ఈ రెండు దినాల కోసం ఖమ్మం వైపు నుండి, గోదావరి జిల్లాల నుండి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దుల అడవిపల్లెల నుండి జనం వచ్చి చేరుతారు. దేవస్థానం వారి వసతిగదులు, సత్రాలు, లాడ్జీలు ముందుగానే నిండిపోతాయి. మిగిలినవారికి దిక్కు ఊరిలోని గృహస్థుల ఇండ్లే. వీధివైపు గదులనో, మేడమీది భాగాన్నో ఒకటి రెండు దినాలకు అద్దెకు ఇచ్చుట ఇచ్చట పలువురికి అలవాటు. ముక్కోటి ఏకాదశికి, తెప్పోత్సవానికి గూడ ఇదే వరుస. పర్ణశాల, కిన్నెరసాని, పాపికొండలు చూడవచ్చే విహారయాత్రికులు ఇటీవల సెల్‌ఫోను ద్వారానే ఇటువంటి బసలను కుదుర్చుకొనుచున్నారు.

ఈ ఏర్పాటులో ఇంటివారికి తరచు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. ఐదుగురమని చెప్పి గది తీసికొంటారు. వాహనం ఆగి తలుపులు తెరుచుకొనేసరికి తొమ్మిదిమంది దిగుతారు. లేదా చెప్పిన ఐదుగురే వస్తారు, కాని రాత్రి పదిగంటల తరువాత మరి నలుగురు చేతిసంచులతో మెట్లెక్కుతారు. అడుగుదామంటే మొగమాటం; అడుగకుందామంటే మనసులో గుబులు. యాత్రకు వచ్చినవారిని లెక్క అడుగుట మర్యాదయేనా? అడిగిన పిమ్మట ఏమి చేయవలెను? ఎంతవరకు సర్దుకొనవలెను? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ ప్రసంగంలో మేము తలపెట్టిన పని.

మొదట మొగమాటం సంగతి చూతాము. అతిథి అనే మాటకు పెద్దలు చెప్పే అర్థం, తిథి నియమం లేకుండ వచ్చినవాడని. పిలువకుండ, చెప్పకుండ వచ్చినవానికి సైతం అన్నం పెట్టుట మన గృహస్థధర్మం. 1909లో కీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మగారు గోదావరి లంకలలోని గన్నవరంలో వచ్చినవారెందరని ఎన్నడూ లెక్కించలేదు. అయితే ఆ ఇంట వెల అనే మాటయే లేదు. లెక్క లేనిచోట వెలా లేదు. వెల ఉన్నచోట లెక్క తప్పదు. గదికి ఇంత అని సొమ్ము పుచ్చుకొని, ఫలానా నాటి నుండి ఫలానా నాటి వరకు అని తిథులు నిర్ణయించుకొన్న తరువాత వచ్చినవాడు పూర్వార్థంలో అతిథి కాడు. అతడు ఒడంబడిక చేసికొన్నవాడు. ఆయనను ఆదరంతో చూచుట ఇంటివారి సంస్కారం. ఒడంబడికను గుర్తుచేయుట ఇంటివారి హక్కు. ఈ రెంటికి విరోధం లేదు.

ఇంతకు నలుగురు ఎక్కువైతే వచ్చే నష్టమేమి? అద్దె తగ్గినదనియే ఇంటివారు బాధపడుచున్నారని యాత్రికులు భావించుట కద్దు. సొమ్ము సంగతి చిన్నది. అసలు సంగతి మనుష్యుల సంఖ్య. మేడమీది తొట్టిలో వేయి లీటర్ల నీరు పట్టుననుకొందాము. ఐదుగురికి మనిషికి రెండువందల లీటర్లు వస్తుంది. పదకొండుగురైతే తొంబది. స్నానాలు, బట్టలు ఉతుకుకొనుట, వంట, అన్నీ ఆ తొంబదిలోనే. తెల్లవారుజామున నీరు ఆగిపోతే కల్యాణానికి పోవలసినవారందరు ఇంటివారి తలుపే తడుతారు. మరుగుదొడ్డి గొయ్యి కూడ ఒక కుటుంబపు లెక్కకు త్రవ్వించినదే గాని జాతరకు గాదు. కొందరు చిన్న గ్యాసుపొయ్యి వెంట తెచ్చుకొని, పడకలు పరచిన గదిలోనే వంట మొదలుపెడతారు. నలుగురు పడుకొనే గదిలో పదిమంది పడుకొంటే వాకిలి వద్ద గూడ మనుష్యులుంటారు. నిప్పు అంటుకొన్న క్షణంలో ఆ వాకిలియే అందరికి దారి అని మరువరాదు.

గోదావరి ఒడ్డున ఈ లెక్కకు మరింత విలువ ఉన్నది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీచేస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల వరకు పెరిగినది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చి, వంతెన మీద రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది. పల్లపు వాడల ప్రజలను పునరావాస కేంద్రాలకు తరలించినారు. అటువంటి రాత్రి సిబ్బంది వాకిట నిలిచి "ఈ ఇంట ఎందరున్నారు?" అని అడిగినప్పుడు ఇంటి యజమాని సరియైన సంఖ్య చెప్పగలగవలెను. పుస్తకంలో ఐదుగురి పేర్లు ఉండి, మేడమీద తొమ్మిదిమంది నిద్రించుచున్నచో, ఐదుగురు దిగగానే ఇల్లు ఖాళీ అయినదనుకొను ప్రమాదం ఉన్నది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినప్పుడు, అందులో ఎందరు ఎక్కినారో మొదట సరిగా తేలలేదు. సంఖ్య పలువురి నోట పలువిధాలుగా వినవచ్చినది. తమవారు ఆ పడవలో ఉన్నారా లేరా అని ఒడ్డున నిలిచిన బంధువుల వేదన మాటలకు అందనిది. పడవకైనను, బసకైనను పేర్ల పట్టిక కాగితపు లాంఛనం కాదు. వెదకవలసి వచ్చినప్పుడు దేనిని వెదకవలెనో చెప్పే ఆధారం.

ప్రభుత్వ నిబంధనల వైపు నుండి చూచినను సంఖ్య అవసరమే. విదేశీయులకు బస ఇచ్చినవారు ఇరవైనాలుగు గంటలలో ఆ సమాచారం అధికారులకు అందజేయవలసి ఉన్నది. అమెరికాలో పుట్టి అచ్చటి పాస్‌పోర్టు గల మనుమడు తాతగారితో మొక్కు తీర్చుకొన వచ్చినను చట్టం దృష్టిలో విదేశీ పౌరుడే. అతడు చెప్పని నలుగురిలో ఒకడైనప్పుడు ఇంటివారు తెలియకనే నిబంధన తప్పినవారగుదురు. ఇచ్చట మరొక సంగతి. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలువగా, దానిని ఆనుకొన్న ఎటపాక, పురుషోత్తపట్నం మొదలైన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. వీధి దాటితే రాష్ట్రం మారే ఊరు ఇది. తమ ఇల్లు ఏ పోలీసుఠాణా పరిధిలోనిదో బస ఇచ్చేవారు ముందే తెలిసికొని, ఆ ఠాణా ఫోను నంబరును గోడమీద వ్రాసి ఉంచుట మంచిది. అత్యవసర సమయంలో 112 నంబరు ఎచ్చటినుండియైనను పనిచేస్తుంది.

ఇక చట్టం ఈ సంబంధాన్ని ఎట్లు చూచుచున్నది? ఒకటి రెండు దినాలకు గదిలో ఉండనిచ్చుట సాధారణంగా లీజు కాదు, లైసెన్సు. అనగా ఉండుటకు ఇచ్చిన అనుమతి. ఈ రెంటికి గల భేదాన్ని 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు చర్చించినది. తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావుగారు ఆ తీర్పులో, కాగితానికి పెట్టిన పేరు ముఖ్యం కాదనీ, ఇరుపక్షాల ఉద్దేశమేమిటో చూడవలెననీ వివరించినారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో లైసెన్సును గూర్చిన సూత్రాలు ఉన్నవి. అందులో రెండు మనకు ఇచ్చట ఉపయోగపడుతాయి. వేరొక ఉద్దేశం వ్యక్తమైతే తప్ప, ఇటువంటి అనుమతిని పొందినవాడు దానిని మరొకరికి బదిలీ చేయజాలడు. ఐదుగురికి ఇచ్చిన అనుమతి ఆరవవానికి తానుగా సంక్రమించదన్నమాట. రెండవ సూత్రం యాత్రికుని పక్షానిది: అనుమతిని రద్దుచేసినప్పుడు అతడు స్థలం విడిచి, సామాను తీసికొనిపోవుటకు తగిన వ్యవధి ఇవ్వవలెను. చట్టం ఒక చేతితో ఇంటివారికి హక్కు ఇచ్చి, రెండవ చేతితో ఆ హక్కును మర్యాదగా వాడుకొమ్మని చెప్పినది.

కనుక పని మూడు దశలలో ఉన్నది: కుదుర్చుకొనేటప్పుడు, వచ్చినప్పుడు, తేడా కనిపించినప్పుడు.

అంత్య నిష్ఠూరం కన్న ఆది నిష్ఠూరం మేలని మన సామెత. కుదుర్చుకొనేటప్పుడు "ఎందరు వస్తారు?" అని మాత్రమే అడిగితే చాలదు. ఆ ప్రశ్నకు పెద్దలను మాత్రమే లెక్కించి చెప్పేవారున్నారు. ఒడిలో పిల్లలను, కారు నడిపే డ్రైవరును, వేరే బండిలో వచ్చే బావమరిదిని వదలివేస్తారు. వారిలో అందరిదీ మోసబుద్ధి కాదు. అందుచేత విడదీసి అడుగవలెను. పెద్దలెందరు? పిల్లలెందరు, వారి వయస్సేమి? డ్రైవరు ఎచ్చట పడుకొంటాడు? ఆ రాత్రి మిమ్ములను చూడవచ్చే బంధువులున్నారా? ఈ నాలుగు ప్రశ్నలతోనే సగం చిక్కు విడిపోతుంది. తరువాత గదిలో గరిష్ఠంగా ఎందరు ఉండవచ్చునో, అదనంగా ఒకరు వస్తే ఎంత ఇవ్వవలెనో, ఎంతమందికి మించి ఏ ధరకైనను కుదరదో, పగలు చూడవచ్చినవారు ఏ గంటకు వెళ్ళవలెనో వ్రాసి పంపవలెను. ఫోనులో పంపిన సందేశమైనను చాలును. "సరే" అని వారి నుండి జవాబు వచ్చిన తరువాతనే బయానా పుచ్చుకొనుట మంచిది.

ఇంతకు యాత్రికులు సంఖ్య ఎందుకు దాస్తారు? చాలవరకు రెండు కారణాలు. మనిషికి ఇంత అని అడుగుతారేమోనన్న భయం ఒకటి; ఎక్కువమందిమని చెప్తే గదియే ఇవ్వరేమోనన్న భయం రెండవది. అదనపు మనిషికి వసూలుచేసే మొత్తం న్యాయంగా ఉండి, ముందే తెలిసినప్పుడు మొదటి భయం పోతుంది. "ఇందులో ఆరుగురికి మించి పట్టదు, మీరు తొమ్మిదిమంది అయితే పక్కింటి గది కూడ కుదిర్చి పెట్టగలము" అన్న మాటతో రెండవ భయం పోతుంది. చుట్టుపక్కల బస ఇచ్చే నాలుగైదు ఇండ్లవారు ఒకరి ఫోను నంబర్లు ఒకరి వద్ద ఉంచుకొనుట ఎంతో మేలు. నిజం చెప్పినందుకు నష్టం లేదని తెలిసినప్పుడు మనుష్యులు నిజమే చెప్తారు.

రెండవ దశ, వచ్చినప్పుడు. తాళంచెవి ఇచ్చుటకు ఇంటివారిలో ఒకరు స్వయంగా ఉండవలెను. మంచినీళ్ళు ఇచ్చి, కూర్చుండబెట్టి, పుస్తకం తీయవలెను. అందరి పేర్లు, వయస్సు, ఊరు, ఫోను నంబరు, వాహనం నంబరు వ్రాసి, పెద్దల గుర్తింపు పత్రాలు చూడవలెను. ఆ వివరాలను ఇతరుల చేతికి పోనీయరాదు. ఇది అనుమానంతో అడుగుట కాదని, అందరికి ఒకటే పద్ధతి అని తెలిసేటట్లు అడుగవలెను. ఆ వెంటనే నీటితొట్టి ఎచ్చట నిండేదీ, గ్యాసు ఎచ్చట కట్టివేసేదీ, స్నానఘట్టంలో ఎంతవరకు దిగవచ్చునో, వరద హెచ్చరిక వస్తే ఎటు పోవలెనో చెప్పినచో, లెక్క తీసికొనుట తమ క్షేమం కొరకేనని వారికి బోధపడుతుంది.

మూడవ దశ కష్టమైనది. తేడా కనిపించినది, ఏమనవలెను? మొదట నేరం మోపరాదు. మెట్లమీద, నలుగురి ఎదుట అడుగరాదు. ఎవరి పేరుమీద గది తీసికొన్నారో వారిని పక్కకు పిలిచి, "అన్నగారూ, పుస్తకంలో ఐదుగురి పేర్లున్నవి. పైన తొమ్మిదిమంది కనిపిస్తున్నారు. మిగిలిన నలుగురు ఈ రాత్రి ఉంటారా, దర్శనం చేసికొని వెళ్ళిపోతారా?" అని అడుగవలెను. జవాబు చెప్పుటకు వారికి గౌరవప్రదమైన దారి ఒకటి ఉంచిన ప్రశ్న ఇది. చాలామంది ఆ దారినే పట్టుకొంటారు.

జవాబును బట్టి నిర్ణయం. చంటిబిడ్డయో, తోడులేక వెంట వచ్చిన ముసలితల్లియో అయితే పేరు వ్రాసికొని, ఒక పరుపు వేయించి, అంతటితో విడిచిపెట్టుట తెలివి. పగలు చూడవచ్చిన బంధువులైతే వెళ్ళే గంటను గుర్తుచేయుట చాలును. గదిలో పట్టేటంతమందియే అయితే పేర్లు వ్రాసికొని, ముందు చెప్పుకొన్న అదనపు మొత్తం పుచ్చుకొని, రసీదు ఇవ్వవలెను. ముందు చెప్పని మొత్తాన్ని అప్పటికప్పుడు కల్పించి అడుగుట తగదు. గదికి మించిన సంఖ్య అయినప్పుడు డబ్బు పరిష్కారం కాదు. వారు ఎంత ఇస్తామన్నను ఒప్పుకొనరాదు. వాకిలి వెడల్పు, తొట్టిలోని నీరు సొమ్ముతో పెరగవు. మిగిలినవారికి మరొక బస చూపవలెను. అర్ధరాత్రి అయినదా, స్త్రీలు పిల్లలు ఉన్నారా, ఆ రాత్రికి మీ ముందరి హాలులోనైనను చోటిచ్చి, వంట వద్దని చెప్పి, తెల్లవారిన పిమ్మట ఏర్పాటు మార్చవలెను. సరిహద్దు అడవిదారులలో రాత్రివేళ కుటుంబాన్ని రోడ్డుమీదికి పంపుట ఏ ఒడంబడికలోని షరతును నిలబెట్టుటకైనను తగిన పని కాదు.

చేయరాని పనులు కొన్ని ఉన్నవి. సామాను పట్టి ఉంచుట, గదికి బయట తాళం వేయుట, దారికి అడ్డంగా నిలుచుట చట్టవిరుద్ధాలై ఇంటివారి మెడకే చుట్టుకొంటాయి. గేటు వద్ద కెమెరా ఉన్నచో ఆ సంగతి ముందే చెప్పవలెను; గదులలో కెమెరా మాట తలపనేరాదు. మాటలు పెరిగి బెదిరింపులు వచ్చినప్పుడు, లేక వచ్చినవారు పేర్లు చెప్ప నిరాకరించినప్పుడు, వాదనకు దిగక పోలీసులకు ఫోను చేయుటయే మార్గం.

ఈ చిక్కు మనకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఒరిండా పట్టణంలో 2019 అక్టోబరు 31న ఒక ఇల్లు అద్దెకు తీసికొన్నారు. అడవిమంటల పొగ పడక పన్నెండుగురు కుటుంబసభ్యులము వస్తున్నామని ఇంటివారికి చెప్పినారు. ఆ రాత్రి చేరినవారు నూరుమందికి పైగా. అచ్చట కాల్పులు జరిగి ఐదుగురు మరణించినారు. ఆ ఇంటిని కుదిర్చిన ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2020 ఆగస్టులో తన ఇండ్లలో విందుసంబరాలను ప్రపంచమంతట నిషేధించినది. 2022లో దానిని శాశ్వతం చేసినది. న్యూయార్కు నగరంలో 2023 సెప్టెంబరు నుండి అమలైన నియమాల ప్రకారం నెలకు లోపు అద్దెకు ఇచ్చేవారు తామూ ఆ ఇంటనే ఉండవలెను, ఇద్దరికి మించి బస ఇవ్వరాదు. మన కేంద్ర పర్యాటకశాఖ వారి గృహవసతి పథకంలో గూడ యజమాని ఆ ఇంట నివసించవలెననీ, అద్దె గదులు ఆరుకు, పడకలు పన్నెండుకు మించరాదనీ ఉన్నది. ఇంటి మనిషి ఇంటిలో ఉండుటకు మించిన కావలి లేదని ఇన్ని దేశాల అనుభవం తేల్చినది.

యాత్రికులకు గూడ ఒక మాట. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న కట్టించిన కోవెలను దర్శించి, ఆ పూట తల దాచుకొన్న ఇంటిలో సంఖ్య దాచుట అందమైన పని కాదు. మీరు చెప్పని మనిషికి పడక ఉండదు, నీరు చాలదు, ఆపదవేళ ఆతని పేరు పిలిచేవారుండరు. చివరినిమిషంలో మేనత్త కుటుంబం తోడైనచో దారిలోనే, కొత్తగూడెం దాటకముందే, ఇంటివారికి ఫోను చేయండి. అప్పటికింకా వారికి ఏదో ఒకటి చేయగల వ్యవధి ఉంటుంది.

గోదావరి పుష్కరాలు 2015 జులైలో జరిగినవి. పండ్రెండేండ్లకు ఒకసారి గనుక మరల 2027లో రానున్నవి. నవమి ఎండకాలపు పండుగ. పుష్కరాలు వానకాలపు వాకిటివి. జనం పెరిగే దినాలు, నది పెరిగే దినాలు ఒక్కచోట కలిసే అవకాశం అప్పుడు ఉన్నది. బస ఇచ్చే ప్రతి ఇంట ఈలోగా ఒక గట్టి అట్ట పుస్తకం, దానికి కట్టిన ఒక పెన్ను సిద్ధపరచుకొనుట మంచిది. దానిని మేడమీద గాక, వీధివాకిటికి దగ్గరగా, చీకటిలోనైనను చేతికి అందేచోట ఉంచవలెను.